తడి చేతుల డాక్టరమ్మ

ఒక ఆదివారం పొద్దున కరీంనగర్ చేపల మార్కెట్లో నలుగురి ముందు నవ్వులపాలయ్యాను. తప్పు నాదే. అవ్వ రవ్వ చేప తెమ్మంటే వెళ్లాను. అమ్మే ఆమె ముందున్న బకెట్లో చేతులు ముంచి, తడి చేత్తో ఒక చేపను ఎత్తి, బొటనవేలితో చెంప మూత లేపి మొప్పల రంగు చూశాను. రెక్కలు విప్పి అంచులు చూశాను. ఒంటి పక్కన ఉండే గీత వెంట తల నుంచి తోక దాకా వేలు నడిపాను. చివరికి నోరు తెరిచి చూసి కింద పెట్టి, ఇంకో చేపను ఎత్తాను.

"ఏం సారూ, చేపను కొంటున్నవా, దానికి పిల్లనిస్తున్నవా?" అన్నది ఆమె. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. మొప్ప, రెక్క, గీత, నోరు. ఆ వరస నాది కాదు. ఆ వరసలో చేపను చూసే మనిషి పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

ఆమె కింద పనిచేసిన మేం మేడం అనేవాళ్లం. గోదావరి ఒడ్డున చేపలు పట్టేవాళ్లు డాక్టరమ్మ అనేవాళ్లు. చేపలమ్ముకునే రాజవ్వ మాత్రం "మందులియ్యని డాక్టరమ్మ" అని నిండు పేరు పెట్టింది. అసలు పేరు రాయను. రాజవ్వ, ఆమె భర్త లింగయ్య వల వేసే రేవు పేరు కూడా రాయను. లక్సెట్టిపేట దాటి గోదావరి కిందికి వచ్చే దారిలో ఎక్కడో ఒక రేవు అనుకోండి, చాలు.

మా ప్రాజెక్టు పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, నది ఆరోగ్యాన్ని చేపల్ని చూసి కనిపెట్టడం. నెలకోసారి ఎంచుకున్న కొన్ని రేవులకు జీపులో పోయేవాళ్లం. వల లాగించి, పడిన ప్రతి చేపనూ చూసేవాళ్లం. ఎన్ని రకాలు పడ్డాయి, అడుగున బురదలో తిరిగేవెన్ని, వాలుగలాగ వేరే చేపల్ని వేటాడి తినేవెన్ని, ఎంత పాడు నీళ్లలోనైనా బతికే తిలాపియాలెన్ని, పుండ్లు పడ్డవెన్ని, రెక్కలు కుళ్లినవెన్ని. చూసి, రాసుకొని, బతికుండగానే వదిలేయాలి. నీళ్లు పరీక్షించే చదువు నాది. పెద్దపల్లి నుంచి వచ్చి కొత్తగా చేరాను. నా చేతిలో నీళ్లలోని ఆక్సిజన్ కొలిచే మీటరు ఉండేది. దాన్ని నీళ్లలో ముంచి అంకె నిలకడకు వచ్చేదాకా కన్నార్పకుండా చూడటం నాకు ఇష్టం. మేడంకు నా ఇష్టం నచ్చేది కాదు.

"మీటర్ గాదురా, చేపను జూడు. నీ మీటరు ఇయ్యాల్టి ముచ్చట జెప్తది. చేప మొన్నటిది గూడ జెప్తది."

మేడం నేత ఇంటి మనిషి. వాళ్ల బాపు సిరిసిల్లలో మరమగ్గం నడిపేవాడు. ఆమె చేపను చూసే తీరు చూస్తే ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. చేపను వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, నేసిన బట్ట తానులో మచ్చ వెతికినట్టు చూసేవారు. "గుడ్డ కొనేటోడు ముందుగాల అంచు జూస్తడు" అంటూ రెక్కల కొసలు విప్పేవారు. ఒంటి పక్క గీత మీద పొలుసు ఊడిన చోట వేలు ఆగితే, "ఈడ పోగు తెగింది, రాసుకో" అనేవారు. మొదట్లో నేను పోగు అనే రాసుకున్నాను. సాయంత్రం కాగితం చూసి ఆమె ఎంత నవ్వారంటే జీపు డ్రైవరు బండి పక్కకు ఆపాడు.

భుజం మీద పాత నేత తువాల ఒకటి ఎప్పుడూ ఉండేది. దాన్ని చేతులు తుడుచుకోవడానికి వాడగా నేనెన్నడూ చూడలేదు. చేతులు తడపడానికే వాడేవారు. నీళ్లలో ముంచి పిండి, అరచేతులు రుద్దుకొని, అప్పుడే చేపను ముట్టేవారు. పొడి చెయ్యి తగిలితే చేప ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, ఆ చోటే తర్వాత పుండు పడుతుంది. మొదటి రోజు నేను పొడి చేత్తో ఒక జెల్ల చేపను పట్టుకున్నాను. దాని ముల్లు గుచ్చుకొని నెత్తురు వచ్చింది. అయ్యో అంటారనుకున్నాను.

"మంచిగైంది. రోగం జూడనీకి వచ్చి రోగం అంటిస్తవా?" అన్నారు. తర్వాత అదే తువాల చించి నా వేలికి కట్టారు.

ఇంకో అలవాటు. వదిలే చేపను నీళ్లలోకి విసిరేవారు కాదు. మోకాళ్ల లోతులో నిలబడి, తోక దగ్గర వదులుగా పట్టుకొని, ఏరుకు ఎదురుగా తల పెట్టి, అది తనంతట తాను విదిలించుకొని పోయేదాకా ఉండేవారు. ఒడ్డు మీద రాజవ్వకు అదొక వినోదం.

"చూడుండ్రే, బిడ్డను అత్తగారింటికి సాగనంపుతుంది. ఒడిబియ్యం గూడ పొయ్యరాదు డాక్టరమ్మా!"

"పోస్తనే, నువ్వు మళ్ల తెల్లారి పట్టుకరానంటె."

"పట్టకపోతె ఏం దినాలె? నువ్వు తినవు, మమ్ముల తిననియ్యవు."

మేడం చేప తినేవారు కాదు. ఎందుకని అడిగితే ఒకసారి "వాసన" అన్నారు, ఇంకోసారి "ముండ్లు" అన్నారు. నాకు రెండూ నమ్మబుద్ధి కాలేదు.

ఏ చేపనూ ఆమె ఆరోగ్యంగా ఉంది అనేవారు కాదు. "ఇయ్యాల్టికి మంచిగుంది" అనేవారు. అంతే.

అన్ని రేవుల్లో లింగయ్య రేవు వేరు. దానికి కొంచెం ఎగువన ఒక పెద్ద కాలువ వచ్చి నదిలో కలుస్తుంది. పట్నం మురుగూ, దారిలో ఇంకా ఎవరెవరు వదిలినవో అన్నీ అందులోనే. ఎండాకాలంలో దాని నీళ్లు నదిలో కలిసేచోట రెండు రంగుల చీరె ఆరేసినట్టు ఉంటుంది. అలాంటి చోట చేపలు దెబ్బతిని ఉండాలి. కానీ ఆ రేవులో మాకు నెల నెలా ఒక్క పుండు చేప కూడా పడలేదు. కాలువకు ఎగువన ఉన్న రేవులో కూడా అక్కడక్కడా దెబ్బతిన్నవి పడేవి. ఇక్కడ మాత్రం రకాలు తక్కువైనా, పడ్డ ప్రతి చేపా నిగనిగలాడుతూ ఉండేది. నేను సంబరపడి గ్రాఫు గీశాను. నది తనను తాను బాగుచేసుకుంటున్నదని ఒక వాక్యం కూడా రాశాను.

మేడం గ్రాఫును వెలుతురుకు ఎత్తి చూశారు, అదీ గుడ్డలాగే.

"గింత సాఫుగ ఏ తాను ఉండది. ఎవలో తప్పులేరి పక్కకు పెట్టిండ్రు."

మరుసటి నెల మేము ఎప్పుడూ వచ్చే వేళకంటే ముందే రేవుకు చేరాం. లింగయ్య అప్పటికే వల ఒడ్డుకు లాగి, గొంతుక్కూర్చొని చేపల్ని ఏరుతున్నాడు. మంచివి మళ్లీ వలలో పెడుతున్నాడు. పుండ్లు పడ్డవి, రెక్కలు చీకినవి వెనక్కి, తుమ్మ చెట్ల కింద తవ్విన గుంతలోకి విసురుతున్నాడు. మమ్మల్ని చూసి, తలుపు తీసుండగా స్నానం చేస్తూ దొరికిపోయిన మనిషిలాగ సిగ్గుపడ్డాడు.

"ఏం జేస్తున్నవ్ లింగన్నా?"

"ఏం లేదమ్మా. నువ్వు గంత దూరంకెల్లి వస్తవు. ఇంటికొచ్చిన మనిషి ముంగట చెడ్డ చేప పెడ్తమా? మా బాపు ఉన్నప్పటిసంది గదే ఆనవాయితీ. సుట్టం కండ్లవడేది మంచి చేపనే ఉండాలె."

అన్ని నెలల మా లెక్కలకు, నా గ్రాఫుకు, నది బాగుపడుతున్నదన్న నా వాక్యానికి మూలం అదీ. ఆయన అబద్ధం చెప్పలేదు. మర్యాద చేశాడు. మేడం ముందు నవ్వారు, కళ్లల్లో నీళ్లు వచ్చేటంత. తర్వాత ఆ గుంత దగ్గరకు పోయి లోపలికి చూసి, నవ్వు ఆపేశారు.

"లింగన్నా, నేను సుట్టాన్ని గాదు."

"మరేంది?"

"దవఖాన్ల నర్సుననుకో. నర్సుకు పుండు దాస్తరా?"

ఆయన రాజవ్వ వైపు చూశాడు. ఆమె అడిగింది: "చూపెడితె ఏమైతది?"

"రాస్త. రాస్తె పైనోళ్లు చూస్తరు. చూస్తె కాల్వ బందువెడ్తరు."

ఆ మాట అన్నప్పుడు మేడం నమ్మే అన్నారు. నేనూ నమ్మాను. ఆనాటి నుంచి లింగయ్య ఏదీ ఏరలేదు. వల వలగానే మా ముందు పెట్టేవాడు. జెల్లల పొట్టల మీద రూపాయి బిళ్లంత పుండ్లు. బొచ్చె పిల్లలకు సగానికి చీకిపోయిన రెక్కలు. మూతి వంకర తిరిగిన చిన్న పరక చేపలు. వాలుగ అన్నది లేనే లేదు. పెద్ద వాలుగను భుజాన వేసుకొస్తే తోక నేలకు రాసేదని లింగయ్య తన చిన్నతనం సంగతి చెప్తుండేవాడు. మేడం ఒక్కొక్కదాన్నే తడి చేతుల్లో పట్టుకొని, "అయిపాయె, అయిపాయె, జర ఓపికవట్టు" అంటూ చూసేవారు. నేను రాసేవాడిని. పద్ధతి ప్రకారం ప్రతి కాగితం మీదా రేవు పేరు రాయాలి. రాశాను. నివేదికలోనూ ఆ పేరు ఉంది. పేరు లేని నివేదికను ఎవరు లెక్కచేస్తారు?

నివేదిక పైకి పోయింది. ఏ చేతులు మారిందో తెలియదు, అందులోని ఒక పేజీ ఫోన్లలో తిరగడం మొదలుపెట్టింది. పుండ్ల జెల్ల ఫోటో, రేవు పేరు, కింద ఎవరో పెద్ద అక్షరాల్లో రాసిన "ఈ చేపలు తినకండి". కాలువ గురించిన పేజీ తిరగలేదు. కాలువ బందు కాలేదు. రాజవ్వ బేరం బందయింది.

ఈ సంగతి మాకు అంగడిలో తెలిసింది. రేవుకు పోయే దారిలో వారం వారం జరిగే అంగడి అది. టీ కోసం జీపు ఆపాం. రాజవ్వ ఎప్పటి చోటనే గంప ముందు పెట్టుకొని కూర్చున్నది. గంప నిండుగా ఉంది. అటూ ఇటూ ఉన్న వాళ్లు లారీలో వచ్చిన ఐసు చేపలు అమ్ముతున్నారు, వాళ్ల ముందు జనం. రాజవ్వ ముందు చోటు ఊడ్చినట్టు ఉంది. మేడంను చూడగానే ఆమె లేచింది.

"రా డాక్టరమ్మా, నీ కోసమే జూస్తున్న. పుండు జూపిస్తె మందు వెడ్తవనుకున్న. నువ్వు ఊరంత చాటింపేసినవు."

రాజవ్వ గంపలోంచి ఒక రవ్వను తీసి మేడం చేతుల్లో పెట్టింది. చుట్టూ జనం పోగయ్యారు.

"చూడు. అందరి ముంగట చూడు. నీ మాట ఇంటరు వీళ్లు."

మేడం తువాల తడిపి చేతులు రుద్దుకున్నారు. చచ్చిన చేపకు తడి చేతులెందుకని నాకు తోచింది కానీ, ఆమెకు వేరే తీరు రాదు. మొప్ప లేపారు. ఎర్రగా ఉంది. రెక్కలు విప్పారు. అంచులు పదునుగా ఉన్నాయి. గీత వెంట వేలు నడిపారు. ఎక్కడా ఆగలేదు. నోరు తెరిచి చూశారు.

"చేప మంచిగుంది" అన్నారు. "ఇయ్యాల్టికి" అనలేదు. నేను గమనించాను.

రాజవ్వ ముఖం వెలిగింది. "విన్నరా? డాక్టరమ్మనే అంటుంది!"

గుంపులోంచి సంచి పట్టుకున్న ఒకాయన అడిగాడు: "గా రేవుదేనా?"

"గా రేవుదే" అన్నది రాజవ్వ.

"అయితె తినొచ్చా మేడం? చిన్న పోరగాండ్లున్నరు ఇంట్ల."

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. చేప జబ్బుతో ఉందా లేదా అన్నది మేము చూసేది. దాన్ని తిన్న మనిషికి ఏమైనా అవుతుందా అన్నది వేరే పరీక్ష. దాని మాంసంలో ఏం చేరిందో వేరే ల్యాబులో చూడాలి. ఆ పరీక్ష మా పనిలో పెట్టలేదు. కావాలని మేడం అడిగి ఉన్నారు, జవాబు రాలేదు. పుండు లేని చేపలో విషం లేదని చెప్పలేం. పుండున్న చేపలో ఉందనీ చెప్పలేం. ఈ తేడా నేను కాగితం మీద చక్కగా రాయగలను. అంగడిలో, గంప ముందు, దాన్ని ఏ మాటల్లో చెప్పాలో నాకు ఈరోజుకూ తెలియదు.

రాజవ్వ మేడం ముఖంలోకి చూస్తున్నది. "ఒక్క మాట, డాక్టరమ్మా. తినొచ్చు అను. ఒక్కటే మాట."

మేడం చేపను రెండు చేతుల్లో పట్టుకొని నిలబడ్డారు. నది కాదు కనుక వదలడానికి లేదు. ఆమె పెదాలు కదిలాయి.

"నేను జెప్పలేను, రాజవ్వా."

సంచి ఆయన పక్క దుకాణానికి పోయాడు. ఆయన వెనకే మిగతావాళ్లు. రాజవ్వ చేపను తీసుకొని గంపలో పెట్టి, మీద తడి గోనె కప్పింది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఆ మాట తప్పు కాదు, అబద్ధం కాదు, చెప్పదగిన మాట అదొక్కటే. దారి పొడుగునా జీపులో నాకు నేను ఇది చెప్పుకున్నాను. మేడం మాత్రం ఒళ్లో చేతులు పైకి తెరిచిపెట్టుకొని కూర్చున్నారు, ఆరనిస్తున్నట్టు.

కొన్నాళ్లకు మా ప్రాజెక్టు ముగిసింది. నేను కరీంనగర్‌లో బోరు నీళ్లు పరీక్షించే ఒక ల్యాబులో చేరాను. మేడం మాత్రం నెలకోసారి బస్సెక్కి ఆ రేవుకు పోతున్నారని తర్వాత తెలిసింది. జీపు లేదు, రాయడానికి కాగితాలు లేవు, పంపడానికి పైన ఎవరూ లేరు. ఫోనులో అడిగాను, ఎందుకు మేడం అని.

"ఎవలూ చూడకపోతె రోగం గూడ అలవాటైతదిరా" అన్నారు. అని ఊరుకోక, "నాకు వేరే పనేం రాదు గద" అన్నారు.

చివరిసారి ఆమెను చూసింది కరీంనగర్ దవాఖానలో. ఊపిరితిత్తుల జబ్బు. మంచం మీద చిన్నగా అయిపోయి ఉన్నారు. వేలికి తగిలించిన చిన్న మీటరు మీద ఆక్సిజన్ అంకె వెలుగుతున్నది. నేను కూర్చొని పలకరిస్తూనే ఆ అంకె వైపు చూస్తున్నాను. అది దిగుతుంది, ఎక్కుతుంది, దిగుతుంది.

"మీటర్ గాదురా" అన్నారు.

నేను ముఖం వైపు తిరిగాను.

"నన్ను పట్టిండ్రు. పొద్దుమాపు వచ్చి నోరు తెరువమంటరు, కండ్లు జూస్తరు, రాసుకుంటరు, పోతరు. మంచోళ్లే పాపం. ఏమన్న చేస్తరా అంటె, చూస్తున్నమమ్మా అంటరు." నవ్వబోయి దగ్గారు. దగ్గు తగ్గాక నా చెయ్యి పట్టుకున్నారు. ఆమె చెయ్యి పొడిగా, కాగితంలాగ ఉంది. "చేపకు ఎట్లుంటదో ఇప్పుడెర్కైంది. చూస్తున్నరంటె జర ధైర్యమే ఉంటది. గంతే ఉంటది."

గుడ్డ తడిపి ఆమె అరచేతులు తుడిచాను.

మార్కెట్లో నవ్వులపాలైన ఆ ఆదివారమే అవ్వకు చేప ఇచ్చేసి రేవుకు బస్సెక్కాను. మేడం పోయిన సంగతి రాజవ్వ వాళ్లకు ఎవరు చెప్పి ఉంటారు?

ఎవరూ చెప్పలేదు. రేవులో రాజవ్వ వల బాగుచేస్తున్నది. ఇప్పుడు అంగడిలో ఆమె కూడా లారీ చేపలే అమ్ముతుందట. వాళ్ల వలలో పడేవి ఇంట్లో తినడానికే. తినొచ్చని ఎవరూ చెప్పని ఆ చేపల్ని వాళ్లు తింటూనే ఉన్నారు. నేను సంగతి చెప్పాను. ఆమె సూది ఆపింది.

"ఈ నెల రాకపాయె, కోపమొచ్చిందేమో అనుకున్న" అన్నది. "నేను మాట్లాడకపోతుంటి. అంగడి కాడ గట్లైనంక ఎన్నడు మాట్లాడలే. వచ్చేది, లింగయ్య వల గుంజేటోడు, చూసేది, ఇడిసేది, పోయేది. బకెట్ల నీళ్లు ముంచి ముంగట పెడ్తుంటి. గంతే. మాట్లాడితె ఏం పోతుండె."

లింగయ్య లేచి నీళ్లలోకి పోయి వల లాగుకొచ్చాడు. నా ముందు గొంతుక్కూర్చొని ఏరడం మొదలుపెట్టాడు, ఆనాడు గుంత పక్కన ఏరినట్టే. మంచివి పక్కకు నెట్టాడు. పొట్ట మీద పుండున్న ఒక జెల్లను తీసి, రెండు చేతులతో నా వైపు చాపాడు, ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు.

"డాక్టరమ్మకు గిసొంటియే ముందుగాల చూపెట్టేది" అన్నాడు.

రాజవ్వ బకెట్ నిండా నీళ్లు ముంచి తెచ్చి నా పక్కన పెట్టింది. చేతులు తడుపుకున్నాను. మొప్ప, రెక్క, గీత, నోరు. పుండు పాతదే, అంచులు తెల్లబడి ఉన్నాయి, నడుమ ఇంకా పచ్చిగా ఉంది. వాళ్లిద్దరూ నా ముఖం చూస్తున్నారు. నా దగ్గర మీటరు లేదు, కాగితం లేదు, ఉన్నా పంపే చోటు లేదు. నీళ్లలోకి దిగి, ఏరుకు ఎదురుగా తల పెట్టి, తోక దగ్గర పట్టుకొని నిలబడ్డాను. అది వెంటనే పోలేదు. చాలాసేపు నా చేతుల్లోనే ఉండి, మెల్లగా మొప్పలు ఆడించి, చివరికి విదిలించుకున్నది.

"చూసినవా?" అన్నది రాజవ్వ ఒడ్డు మీంచి.

"చూసిన."

"డాక్టరమ్మ లెక్క నువ్వు గూడ రాస్తవా?"

తల ఊపాను. అవునో కాదో నాకే తెలియదు.

"రాస్తె రాయి బిడ్డా" అన్నది. "రేవు పేరు రాయకు."